ఇన్ని భాషల్లో అమ్మ మాటలో ‘మ’ ఎందుకు వినిపిస్తుంది?

క్లుప్తంగా: తల్లిని పిలిచే మాటలు భాషాభాషకూ దగ్గరగా వినిపించడానికి కారణం ఒక్కటి కాదు. కొన్ని ఒకే మూలభాష నుంచి వచ్చాయి. చాలావాటిని పసిపిల్లల నోటి కదలికలు తయారుచేశాయి. మరికొన్ని అరువు మాటలు. ప్రేమ ఆ శబ్దంలో లేదు, మాటను వాడుకునే తీరులో ఉంది. ఆ తీరు ఒక్కో భాషలో ఒక్కోలా ఉంటుంది.

మే నెల రెండో ఆదివారం వచ్చిందంటే ఫోన్లలో ఒక జాబితా తిరగడం మొదలవుతుంది. అమ్మ, మా, మదర్, మాదర్, మామా, ఉమ్మ్ అంటూ ఇరవై ముప్పై భాషల మాటలు పేర్చి, కింద ఒక తీర్పు రాసి ఉంటుంది. ఇవన్నీ సంస్కృతంలోని ‘మాతృ’ నుంచి పుట్టాయని కొందరంటారు. కాదు, తెలుగు ‘అమ్మ’ నుంచే పుట్టాయని ఇంకొందరంటారు. ‘మ’ అనే అక్షరంలోనే ప్రేమ ఉందన్నది మరో వాదన. వెనకే ఇంకో మెసేజ్ కూడా వస్తుంది: పిల్లల చేత మమ్మీ అనిపించకండి, మమ్మీ అంటే శవం.

ఈ వాదనల్లో కొంత నిజం ఉంది, ఎక్కువ గందరగోళం ఉంది.

ఒకే ఇంటివాళ్ల పోలిక

సంస్కృతం ‘మాతృ’, లాటిన్ ‘మాతెర్’, గ్రీకు ‘మేతేర్’, పర్షియన్ ‘మాదర్’, ఇంగ్లిష్ ‘మదర్’ నిజంగానే చుట్టాలు. 1786లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ అనే బ్రిటిష్ జడ్జి చేసిన ప్రసంగం ఈ చుట్టరికాన్ని అందరి దృష్టికీ తెచ్చింది. అయితే ఇవి సంస్కృతం నుంచి పుట్టిన పిల్లలు కావు. సంస్కృతంతో కలిపి అన్నీ ఇంకా పాతదైన ఒక మూలభాషకు వారసులు. కాబట్టి ‘మదర్’కు ‘మాతృ’ తోబుట్టువే తప్ప తల్లి కాదు.

ఒకే మూలం ఉన్నంత మాత్రాన అర్థం కూడా స్థిరంగా ఉండాలని లేదు. అల్బేనియన్ భాషలో ఈ పాత మాటే ‘మోతర్’గా మిగిలింది, కానీ దాని అర్థం అక్కాచెల్లెలు. అమ్మకు అక్కడ ‘నన’ అనే వేరే మాట ఉంది. అమ్మ లేని ఇంట్లో పెద్ద కూతురే పిల్లలను సాకడం వల్ల ఇలా మారి ఉండొచ్చని కొందరి ఊహ. అది ఊహగానే ఉంది.

తెలుగుది ఈ ఇల్లు కాదు. 1816లో మద్రాసులో ఎ.డి. క్యాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణానికి మద్రాసు కలెక్టర్ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ఉపోద్ఘాతం రాశాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటికి సొంత మూలం ఉందని ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ లెక్కన ‘మాత’, ‘జనని’ తెలుగు తెచ్చుకున్నవి. ‘అమ్మ’, ‘తల్లి’, ‘అవ్వ’ తెలుగు సొంతవి.

మరి ‘అమ్మ’, సంస్కృతం ‘అంబ’, అరబ్బీ ‘ఉమ్మ్’ అంత దగ్గరగా ఎందుకున్నాయి? వంశవృక్షం దీనికి జవాబు చెప్పలేదు.

చుట్టరికం లేని పోలిక

1959లో జార్జ్ మర్డాక్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ప్రపంచం నలుమూలల భాషల నుంచి తల్లిదండ్రుల మాటలు 1,072 పోగుచేశాడు. వాటిలో తల్లివి 531, తండ్రివి 541. చుట్టరికం లేని భాషలను పక్కపక్కన పెట్టినా ఒక పద్ధతి బయటపడింది. తల్లి మాటల్లో సగానికి పైగా మ, న లాంటి ముక్కు శబ్దాలతో ఉన్నాయి. తండ్రి మాటల్లో అలాంటివి సుమారు 15 శాతమే. తండ్రికి ఎక్కువగా ప, బ, త, ద దక్కాయి.

ఇంత పోలికకు మానవజాతి తొలి భాషే కారణం కావచ్చని వాదించినవాళ్లు ఉన్నారు. బ్రిటన్‌లో పనిచేసిన భాషావేత్త లారీ ట్రాస్క్ దీన్ని గట్టిగా ఖండించాడు. వేల ఏళ్లలో శబ్దాలు మారకుండా ఉండవన్నది ఈ ఖండనలోని ప్రధానాంశం. ఇంగ్లిష్ వైపు శాఖలో మూలభాష ‘ప’ క్రమంగా ‘ఫ’ అయింది. సంస్కృతం ‘పితృ’కు ఎదురుగా ‘ఫాదర్’, ‘పాద’కు ఎదురుగా ‘ఫుట్’ ఉండటం అందుకే. పసివాళ్ల ‘పాపా’ కూడా ఆ దారిలోనే తరతరాలుగా దిగివచ్చి ఉంటే ఇంగ్లిష్‌లో ‘ఫాఫా’ కావాలి. అలాంటి మాట లేదు. ఇంగ్లిష్‌వాళ్ల ‘పాపా’ చాలా తర్వాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అంటే ఇలాంటి మాటలు తరతరాలూ చేతులు మారుతూ వచ్చినవి కావు. ప్రతి తరంలోనూ, ప్రతి ఊరిలోనూ మళ్లీ మళ్లీ కొత్తగా పుడుతున్నవి.

ఎలా పుడతాయన్నదే అసలు కథ.

నోరు, పాలు, ఆకలి

పిల్లలు మొదట్లో ఉంగాలు కొడతారు. ఆరేడు నెలలు దాటాక అక్షరాల్లాంటివి వస్తాయి: బాబాబా, తాతాతా, మామామా. ఈ దశలో నాలుకను కావలసిన చోట పెట్టే నేర్పు ఇంకా ఉండదు. కింది దవడను ఎత్తడం, దించడం మాత్రమే బాగా వచ్చు. పెదవులు మూసుకున్నప్పుడు గొంతు పలికిస్తూ దవడ దించితే ‘బా’ వస్తుంది. అదే సమయంలో కొండనాలుక వైపున్న మెత్తటి అంగిలి కిందికి వేలాడుతూ ఉంటే గాలి ముక్కులోంచి కూడా పోయి ‘మా’ అవుతుంది. శబ్దాల పుట్టుకను ఈ దవడ ఊపుతో వివరించినవాళ్లలో పీటర్ మెక్‌నీలెజ్, బార్బరా డేవిస్ ముఖ్యులు. ‘క్ష’, ‘ఱ’ లాంటి కష్టమైన శబ్దాలు అమ్మను పిలిచే మాటల్లో అంతగా కనబడకపోవడంలో వింతేమీ లేదు.

ఇంతవరకూ ‘మా’ ఎలా వస్తుందో తెలిసింది. అది అమ్మకే ఎందుకు దక్కిందన్నది తేలలేదు. మర్డాక్ లెక్కలు తీసుకుని రోమన్ యాకోబ్సన్ అనే భాషావేత్త దీనికి జవాబు చెప్పాడు. పాలు తాగే బిడ్డ పెదవులు మూసుకుపోయి ఉంటాయి, నోరు నిండి ఉంటుంది. అప్పుడు వీలయ్యేది ముక్కులోంచి వచ్చే సన్నని మూలుగు ఒక్కటే. తర్వాత పాలు కనబడగానే అదే మూలుగు వస్తుంది. ఇంకొన్నాళ్లకు ఆకలికీ, చిరాకుకూ, ఏదైనా కావాలన్నదానికీ అదే గుర్తవుతుంది. కావలసింది తెచ్చిపెట్టే మనిషి ఎక్కువగా అమ్మే కాబట్టి, ఆ శబ్దం తననే పిలుస్తోందని అమ్మ అనుకుంటుంది.

ఈ వాదనకు మంచి సాక్ష్యం తెలుగిళ్లలోనే ఉంది. పిల్లలకు అన్నం పెట్టేటప్పుడు ‘మమ్మం తిందామా’, ‘మమ్ము కావాలా’ అంటారు. తమిళంలోనూ పిల్లల భాషలో ‘మమ్మమ్’ అంటే తిండే. లాటిన్‌లో ‘మమ్మా’ అంటే రొమ్ము, పసివాళ్ల మాటగా అమ్మ కూడా. చార్లెస్ డార్విన్ తన పెద్ద కొడుకు పసితనంలో రాసుకున్న నోట్స్‌ను 1877లో ప్రచురించాడు. ఆ పిల్లవాడు సరిగ్గా ఏడాది వయసులో తిండికి సొంతంగా ఒక మాట కట్టుకున్నాడు. అది ‘మమ్’. పంచదారను ‘షు-మమ్’ అనేవాడు. ఇంగ్లండ్‌లో పెరిగిన ఆ పిల్లవాడికి తెలుగు మమ్మం తెలిసే అవకాశం లేదు కదా.

అంటే ‘మ’ మొదట పలికింది ప్రేమను కాదు, అవసరాన్ని. ఈ మాట కటువుగా అనిపించొచ్చు గానీ, దీనివల్ల బిడ్డకూ తల్లికీ ఉన్న బంధం ఏమీ తగ్గదు. ఆ బంధం మాటకన్నా ముందే మొదలవుతుంది. పుట్టి మూడు రోజులు కూడా దాటని పసికందులు నోట్లో పెట్టిన రబ్బరు తిత్తిని చీకే తీరును బట్టి గొంతులు వినిపించే ఏర్పాటు చేస్తే, తమ తల్లి గొంతు వినడానికి ఆ తీరును మార్చుకున్నారని ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ 1980లో చూపించారు. అర్థం తెలియడం కూడా పలకడం కన్నా ముందే. ఆరు నెలల పిల్లలకు ‘మమ్మీ’ అని వినిపిస్తే తెర మీద తమ అమ్మ బొమ్మ వైపు చూస్తున్నారని 1999 నాటి ఒక అధ్యయనంలో తేలింది. పరాయి స్త్రీ బొమ్మ పెడితే అలా చూడలేదు.

పిల్లలు అందరికన్నా ముందు అమ్మనే పిలుస్తారన్న నమ్మకమూ అన్నిచోట్లా నిలవలేదు. 2008లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం బీజింగ్ పిల్లల తొలి మాటల్లో అమ్మ ముందుంది. అమెరికా, హాంకాంగ్ పిల్లల్లో నాన్నది పైచేయి. తెలుగిళ్లలో పిల్లవాడు ‘తాతాతా’ అనగానే తాతగారు తననే పిలిచాడని ఊరంతా చెప్పుకుంటారు. పసివాడు శబ్దం చేస్తాడు, దానికి హక్కుదారు ఎవరో పెద్దవాళ్లు తేలుస్తారు.

లెక్క తప్పే భాషలు

ఆ తేల్చడంలో భాషలకు స్వేచ్ఛ ఉందనడానికి జార్జియన్ భాష గట్టి ఉదాహరణ. అక్కడ ‘మామ’ అంటే నాన్న, ‘దెద’ అంటే అమ్మ. ‘మ’లోనే మాతృప్రేమ ఉందనే వాదన ఈ ఒక్క భాష దగ్గరే ఆగిపోతుంది. జార్జియన్లు మాతృభాషను ‘దెద ఎన’ అంటారు, రాజధానిని ‘దెదకలకి’ అంటారు, అంటే తల్లి నగరం. అమ్మ మీద గౌరవంలో వాళ్లు ఎవరికీ తీసిపోరు. ఆస్ట్రేలియా ఆదివాసుల పిత్జంత్జత్జర భాషలో కూడా ‘మామ’ అంటే తండ్రే.

తెలుగు కూడా పూర్తిగా దారిలో నడిచే భాష కాదు. ‘అమ్మ’కు జతగా ‘అబ్బ’ అన్న పాత మాట మర్డాక్ లెక్కకు చక్కగా సరిపోతుంది. అమ్మాయి, అబ్బాయి అనే మాటల్లో, నొప్పి పుడితే వచ్చే ‘అమ్మా’, ‘అబ్బా’లలో ఆ జంట ఇప్పటికీ ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్న ‘నాన్న’ మాత్రం అచ్చంగా ముక్కు శబ్దం. తండ్రిని ముక్కు శబ్దంతో పిలిచే ఆ కొద్ది భాషల్లో తెలుగూ ఒకటి. ఇక ప్రపంచంలో సగం మంది అమ్మకు ఇచ్చిన ‘మామ’ను తెలుగువాళ్లు అమ్మ అన్నదమ్ములకు, పిల్లనిచ్చినాయనకు ఇచ్చారు.

జపనీస్ కథ వేరు. అక్కడ అమ్మను ‘హహ’ అంటారు, అందులో పెదవుల పనే లేదు. కానీ 1516 నాటి ఒక పొడుపుకథల సంకలనంలో ఇలా ఉంది: తల్లితో రెండుసార్లు కలుస్తాయి, తండ్రితో ఒక్కసారీ కలవవు, ఏమిటవి? జవాబు పెదవులు. ఈనాటి ఉచ్చారణతో ఆ పొడుపు విడదు. అప్పట్లో ఆ మాట ‘ఫఫ’కు దగ్గరగా ఉండేదని, అంతకుముందు ‘పప’ అని భాషావేత్తలు తేల్చారు. పసి మాట కాలక్రమంలో మారి మారి పెద్దల మాటయింది. పిల్లలకు మళ్లీ వేరే మాటలు వచ్చాయి. ఇప్పుడు చాలామంది జపాన్ పిల్లలు ‘మామా’ అంటున్నారు, అది పాశ్చాత్య భాషల నుంచి తెచ్చుకున్నది. ఆ పొడుపుకథ తెలుగుకు కొంత సరిపోతుంది: ‘అమ్మ’లో పెదవులు కలుస్తాయి, ‘నాన్న’లో కలవవు.

ఫిన్లండ్‌వాళ్లయితే అమ్మ మాటనే అరువు తెచ్చుకున్నారు. ‘ఐతి’ అనే వాళ్ల మాట ప్రాచీన జర్మానిక్ భాషల నుంచి వచ్చింది. సొంత పాత మాట ‘ఎమో’ ఇప్పుడు జంతువుల తల్లికి మిగిలింది. సంతలో సరుకుల పేర్లు అరువు వస్తాయి గానీ తల్లి పేరు కూడా వస్తుందా అని ఆశ్చర్యం కలుగుతుంది. వచ్చింది. దాన్ని బట్టి వాళ్ల ప్రేమను కొలవబోవడం హాస్యాస్పదం.

పిలిచే మాట, చెప్పే మాట

చాలా భాషల్లో తల్లికి రెండు రకాల మాటలుంటాయి. ఒకటి ఎదురుగా పిలవడానికి, ఇంకోటి ఆమె గురించి చెప్పడానికి. పిలిచే మాటలు వ్యాకరణానికి అంత తొందరగా లొంగవు. పాణిని కూడా వీటికోసం విడిగా ఒక సూత్రం రాయాల్సి వచ్చింది. సంస్కృతంలో ‘రమా’ను పిలిస్తే ‘రమే’ అవుతుంది. అదే పద్ధతిలో ‘అంబా’ను పిలిస్తే ‘అంబే’ అనాలి. కానీ తల్లి అనే అర్థమున్న అంబ, అక్క, అల్ల వంటి మాటలు సంబోధనలో చివరి అచ్చును కురచ చేసుకుంటాయని అష్టాధ్యాయి ఏడో అధ్యాయం చెబుతుంది. ‘హే అంబ’, ‘హే అక్క’ అవుతాయన్నమాట.

పాత తమిళం ఇంకో వింత చేసింది. ఎవరి తల్లి అన్నది మాటలోనే చెప్పేది. నా తల్లి ‘యాయ్’, నీ తల్లి ‘ఞాయ్’, తన తల్లి ‘తాయ్’. ప్రాచీన తమిళ పద్య సంకలనం కుఱుంతొగైలోని 40వ పద్యం ఈ మాటలతోనే మొదలవుతుంది. నా తల్లికీ నీ తల్లికీ ఏ చుట్టరికమూ లేదే, మనం ఇలా ఎలా కలిసిపోయామని ప్రియుడు ప్రియురాలితో అంటాడు. తర్వాత ‘యాయ్’, ‘ఞాయ్’ పోయి ‘తాయ్’ ఒక్కటే అన్నిటికీ మిగిలింది. నా, నీ, తన అనే తేడా తండ్రి మాటల్లోనూ ఉండేది. తెలుగు ‘తండ్రి’లో మొదటి ముక్క ఆ ‘తన’ గుర్తే.

తెలుగులో ‘అమ్మ’ పిలిచే మాట, ‘తల్లి’ ఎక్కువగా చెప్పే మాట. కన్నతల్లిని ఇంట్లో ఎవరూ ‘తల్లీ, అన్నం పెట్టు’ అనరు. తల్లివేరు, తల్లికోడి, తల్లిపాలు, తెలుగు తల్లి, తెలంగాణ తల్లి అంటాం, అక్కడ ‘అమ్మ’ ఇమడదు. ప్రభుత్వాలకూ ఈ తేడా తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల చదువుకు తల్లుల ఖాతాల్లో డబ్బు వేసే పథకానికి ఒక ప్రభుత్వం ‘అమ్మఒడి’ అని పేరు పెట్టింది, తర్వాతి ప్రభుత్వం ‘తల్లికి వందనం’ అంది. మొదటిది పిల్లవాడి వైపు నుంచి పలికిన పేరు, రెండోది వేదిక మీద నుంచి.

మాట హోదా కూడా ఊరును బట్టి మారుతుంది. ‘అవ్వ’ తెలంగాణ పల్లెల్లోనూ ఉత్తర కర్ణాటకలోనూ అమ్మ, రాయలసీమలో అమ్మమ్మో నానమ్మో, ఇంకొన్నిచోట్ల నోటి మీద చెయ్యేసుకుని అనే ఆశ్చర్యార్థకం. ‘తల్లి’కి తోబుట్టువైన మలయాళం ‘తళ్ళ’ ఇవాళ అంత మర్యాదైన మాట కాదు.

ప్రేమ ఎక్కడ కనిపిస్తుంది

శబ్దంలో కాదన్నాక, వాడుకలో వెతకాలి. అరబ్బీ ఇళ్లలో తల్లి కొడుకునూ కూతురినీ ‘మామా’ అని పిలుస్తుంది, తండ్రి వాళ్లను ‘బాబా’ అంటాడు. తన పిలుపునే తిరిగి బిడ్డకు ఇచ్చేయడం ఇది. తుర్కీ తల్లులు కూడా పిల్లలను ‘అన్నెజిమ్’, అంటే మా అమ్మా అని ముద్దు చేస్తారు.

తెలుగులోనూ ఇది ఉంది, కానీ సూత్రం వేరు. అరబ్బీలో మాట్లాడేది ఎవరన్నదాన్ని బట్టి పిలుపు ఉంటుంది. తెలుగులో బిడ్డ ఆడా మగా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ‘లే తల్లీ, బడికి టైమవుతోంది’ అని కూతురితో, ‘ఏడవకు నాన్నా’ అని కొడుకుతో తల్లీ అంటుంది, తండ్రీ అంటాడు. దీనికి ఒక సామాజిక కారణం కనిపిస్తుంది. మనవడికి తాత పేరు, మనవరాలికి నానమ్మ పేరు పెట్టడం తెలుగిళ్లలో మామూలు. మామగారి పేరున్న కొడుకును కోడలు ఆ పేరుతో పిలవలేదు, తిట్టలేదు. ‘నాన్నా’, ‘అయ్యా’ అనడం అప్పుడు ముద్దూ అవుతుంది, మర్యాదా దక్కుతుంది.

అయితే ‘అమ్మ’ వాడుకంతా ప్రేమే అనుకుంటే సగమే చూసినట్టు. పనిమనిషి యజమానురాలిని ‘అమ్మగారూ’ అనడంలో ఉన్నది హోదా. పోచమ్మ, ఎల్లమ్మ, పోలేరమ్మ పేర్లలో భక్తి ఎంతో భయమూ అంతే. ఒంటి మీద పొక్కులు లేస్తే ‘అమ్మవారు పోసింది’, ‘ఆటలమ్మ వచ్చింది’ అంటారు. ప్రాణం తీయగలదాన్ని అమ్మా అని మంచి చేసుకోవడం అది. తల్లి మాటలో ప్రేమతో పాటు హోదా కూడా ఇమిడిన భాష తెలుగు ఒక్కటే కాదు. స్వాహిలీలో ‘మామా’ అంటే తల్లి మాత్రమే కాదు, పెద్దరికం ఉన్న ఏ స్త్రీకైనా గౌరవపు పిలుపు.

అమ్మలు ఎందరు

మాట ఎలా వినిపిస్తుందన్న దానికన్నా ఎవరెవరికి వర్తిస్తుందన్నది సమాజం గురించి ఎక్కువ చెబుతుంది. 1871లో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ప్రపంచ బంధుత్వ పద్ధతులపై వేసిన పెద్ద గ్రంథంలో తమిళం, తెలుగు, కన్నడం వరసలు కూడా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో అమ్మ అక్కా, నాన్న అక్కా ఇద్దరూ ‘ఆంట్’. తెలుగులో అమ్మ అక్క పెద్దమ్మ, చెల్లెలు చిన్నమ్మ లేదా పిన్నమ్మ. వాళ్లిద్దరూ అమ్మలే, వాళ్ల పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. నాన్న అక్కచెల్లెళ్లు మాత్రం అత్తలు, వాళ్ల పిల్లలు బావామరదళ్లు. ఎవరిని పెళ్లి చేసుకోవచ్చు, ఎవరిని కూడదు అన్న నియమం చాలావరకు ఈ పిలుపుల్లోనే ఉంది.

మమ్మీ గొడవలో అసలు నష్టం

శవానికి వాడే ‘మమ్మీ’ పర్షియన్‌లో మైనానికి పేరైన ‘మూమ్’ నుంచి అరబ్బీ ‘మూమియా’గా మారి, లాటిన్ మీదుగా ఇంగ్లిష్‌కు చేరింది. అమ్మను పిలిచే ‘మమ్మీ’ పసివాళ్ల ‘మామా’ వర్గానిది. రెండూ ఒకేలా పలకడం కేవలం కాకతాళీయం. ‘మమ్మీ’ వద్దనడానికి వేరే కారణాలు ఎవరికైనా ఉండొచ్చు, శవం మాత్రం కారణం కాదు.

మార్పు ఎక్కడ జరుగుతోందంటే ‘అమ్మ’ చుట్టూ ఉన్న మాటల్లో. నగరాల్లో పెద్దమ్మ, పిన్ని, అత్త ముగ్గురూ ‘ఆంటీ’లోకి జారుకుంటున్నారు. పక్కింటావిడ ముందే అందులో ఉంది. మేనరికాలు తగ్గిన కొద్దీ ఆ తేడాలు పాటించాల్సిన అవసరమూ తగ్గుతోంది కాబట్టి ఈ జారుడు ఇంకా పెరిగే అవకాశమే ఎక్కువ. విదేశాల్లో పుట్టిన తెలుగు పిల్లల విషయంలో లెక్క కొంచెం తిరగబడుతుంది. ‘అమ్మ’కు ‘మామ్’ అన్న సిద్ధమైన బదులు మాట చుట్టూ వినిపిస్తూనే ఉంటుంది. ‘అమ్మమ్మ’, ‘నానమ్మ’లకు మాత్రం అలాంటి బదులు దొరకదు, ఇంగ్లిష్‌లో ఇద్దరికీ ఒకటే మాట. ఇంటికి వచ్చిన ఇద్దరు ముసలమ్మల్లో ఎవరిని పిలుస్తున్నారో తేలాలంటే తెలుగు మాటే కావాలి. మిగతాదంతా ఇంగ్లిష్‌లో మాట్లాడే పిల్లలు కూడా ఈ రెండు మాటలను వదలకపోవడానికి మురిపెం కన్నా ఈ అవసరమే పెద్ద కారణం.